నీటిలో లోతుకు పీడనం ఎంత? ఇంటి ట్యాంకు నుంచి డ్యామ్ గేటు దాకా లెక్క కట్టే పద్ధతి

నీటి పీడనం లెక్క ఒక్క గుణకారంతో అయిపోతుంది. బడి పిల్లలు కూడా చేసేస్తారు. అయినా అపార్ట్‌మెంట్ పై అంతస్తులో షవర్ సన్నగా వస్తున్నా, బోరులో దించిన పైపు పగిలినా, బావి గట్టు మీద పెట్టిన మోటారు నీళ్లు లాగకపోయినా, చాలాసార్లు దాని వెనక ఈ లెక్కే తప్పి ఉంటుంది. గుణకారం ఎవరూ తప్పు చేయరు. లోతును ఎక్కడి నుంచి కొలవాలి, రెండో పక్క నుంచి ఎంత పీడనం ఉంది అనే రెండు ప్రశ్నల దగ్గరే పొరపాటు జరుగుతుంది. అందుకే ఇక్కడ సూత్రాన్ని త్వరగా ముగించి, ఆ రెండు ప్రశ్నల మీదే ఎక్కువసేపు ఉంటాను. పక్కన కాగితం, పెన్ను పెట్టుకుని చదివితే బాగుంటుంది.

మొదటి మెట్టు: సూత్రం ఎలా వచ్చిందో చూడండి

అడుగు భాగం సరిగ్గా ఒక చదరపు సెంటీమీటరు ఉన్న సన్నని నిలువు గొట్టాన్ని ఊహించుకోండి. దాంట్లో 10 మీటర్ల ఎత్తు వరకు నీళ్లు పోశాం. 10 మీటర్లంటే 1000 సెంటీమీటర్లు. కాబట్టి గొట్టంలో 1000 ఘన సెంటీమీటర్ల నీళ్లు ఉన్నాయి, అంటే ఒక లీటరు. లీటరు నీళ్ల బరువు ఒక కిలో. ఆ కిలో బరువంతా అడుగున ఉన్న ఒక్క చదరపు సెంటీమీటరు మీదే పడుతోంది. అంటే 10 మీటర్ల లోతులో నీటి వల్ల కలిగే పీడనం చదరపు సెంటీమీటరుకు ఒక కిలో. పైపుల షాపులో, మోటారు మెకానిక్ నోట వినిపించే "ఒక కేజీ ప్రెషర్" ఇదే.

20 మీటర్లయితే రెండు కేజీలు, 5 మీటర్లయితే అర కేజీ. లోతు ఎన్ని రెట్లు పెరిగితే పీడనం అన్ని రెట్లు పెరుగుతుంది.

పాఠ్యపుస్తకంలో దీన్నే ఇలా రాస్తారు:

పీడనం = సాంద్రత × గురుత్వ త్వరణం × లోతు

మంచినీటి సాంద్రత ఘనపు మీటరుకు 1000 కిలోలు, గురుత్వ త్వరణం 9.81. లోతును మీటర్లలో వేస్తే జవాబు పాస్కల్స్‌లో వస్తుంది. 10 మీటర్లకు 1000 × 9.81 × 10 = 98,100 పాస్కల్స్, అంటే 98.1 కిలోపాస్కల్స్.

ఈ సూత్రంలో పాత్ర వెడల్పు ఎక్కడా లేదు, నీళ్లు మొత్తం ఎన్ని ఉన్నాయన్నదీ లేదు. ఐరోపాలో గణిత శాస్త్రవేత్త సైమన్ స్టెవిన్ 1586లోనే దీన్ని స్పష్టంగా రాశాడు: అడుగున పీడనాన్ని నిర్ణయించేది నిలువు ఎత్తు మాత్రమే, పాత్ర ఆకారం కాదు. మూడు మీటర్ల లోతున్న చెరువులోనూ, మూడు మీటర్ల ఎత్తున్న సన్నని పైపులోనూ అడుగున పీడనం ఒక్కటే. పైగా ఆ పీడనం కిందికి మాత్రమే పనిచేయదు. నిలకడగా ఉన్న నీటిలో ఒక బిందువు దగ్గర అది కిందికీ, పైకీ, పక్కలకూ సమానంగా ఉంటుంది. ట్యాంకు గోడలు పక్కకు ఉబ్బడానికి కారణం ఇదే.

రెండో మెట్టు: యూనిట్లు ముందే ఒకటి చేసుకోండి

మన దగ్గర బోరు లోతు అడుగుల్లో చెబుతారు. పైపు మీద కేజీలు ఉంటాయి, గేజ్ మీద పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఉంటుంది, వాషింగ్ మెషీన్ మాన్యువల్లో మెగాపాస్కల్స్ ఉంటాయి. వీటిని కలిపి లెక్క చేస్తే తప్పు రాకుండా ఉండదు. ఈ నాలుగు మార్పులు గోడ మీద రాసి పెట్టుకుంటే చాలు:

- 10 మీటర్ల నీరు = 1 కేజీ = 98.1 కిలోపాస్కల్స్ = 14.2 పీఎస్ఐ
- 1 బార్ = 10.2 మీటర్ల నీరు
- 1 పీఎస్ఐ = 2.31 అడుగుల నీరు
- 0.1 మెగాపాస్కల్ = 1 బార్

బార్, కేజీ ఒకటి కావు కానీ తేడా రెండు శాతమే. ఇంటి పనులకు రెండూ ఒకటే అనుకోవచ్చు. అడుగులను నేరుగా కేజీల్లోకి మార్చాలంటే 33తో భాగించండి. 330 అడుగులకు 10 కేజీలు. అడుగులు, మీటర్లు తారుమారు కాకుండా మాత్రం జాగ్రత్తగా ఉండండి. అక్కడ పొరపడితే జవాబు ఏకంగా మూడు రెట్లు తప్పుతుంది.

మూడో మెట్టు: లోతును నీటి పై మట్టం నుంచి, నిలువుగా కొలవండి

అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే. లోతు అంటే గాలికి తెరిచి ఉన్న నీటి పై మట్టం నుంచి మనకు కావలసిన బిందువు దాకా నిట్టనిలువు దూరం. పైపు పొడవు ఎంతైనా, ఎన్ని మలుపులు తిరిగినా, అడ్డంగా ఎంత దూరం పోయినా దానితో పని లేదు.

ఒక అపార్ట్‌మెంట్ తీసుకుందాం. కింద అంతస్తు, పైన నాలుగు అంతస్తులు, ఒక్కోటి 3 మీటర్లు. టెర్రస్ నేల నుంచి 15 మీటర్ల ఎత్తులో ఉంటుంది. ట్యాంకును టెర్రస్ మీద 2 మీటర్ల పిల్లర్లపై కట్టారు. లోపల నీళ్లు 1.5 మీటర్లు ఉన్నాయి. అంటే నీటి పై మట్టం నేల నుంచి 18.5 మీటర్లు.

నేల నుంచి ఒక మీటరు ఎత్తులో ఉన్న కింది అంతస్తు కుళాయి దగ్గర లోతు 17.5 మీటర్లు. పీడనం 1.75 కేజీలు. చాలా బాగా వస్తాయి.

నాలుగో అంతస్తు ఫ్లోర్ 12 మీటర్ల ఎత్తులో ఉంది. షవర్ దానికి 2.1 మీటర్ల పైన, అంటే నేల నుంచి 14.1 మీటర్లు. లోతు 18.5 లోంచి 14.1 తీసేస్తే 4.4 మీటర్లు. పీడనం 0.44 కేజీ మాత్రమే. ట్యాంకు దాదాపు ఖాళీ అయ్యేటప్పటికి నీటి మట్టం 17.1 మీటర్లకు దిగితే, షవర్ దగ్గర మిగిలేది 0.3 కేజీ. ఒకే బిల్డింగులో, ఒకే ట్యాంకు కింద ఇద్దరికి ఇంత తేడా వస్తుంది.

ఇక్కడ కొందరు పెద్ద ట్యాంకు పెట్టించుకుంటారు. వెయ్యి లీటర్ల ట్యాంకు తీసేసి రెండు వేల లీటర్లది పెట్టినంత మాత్రాన పీడనం పెరగదు. నీటి మట్టం పైకి పోతేనే పెరుగుతుంది. పై అంతస్తుకు ఉన్న దారులు రెండే: ట్యాంకును ఇంకా ఎత్తులో పెట్టడం, లేదా ప్రెషర్ పంపు బిగించడం. వాషింగ్ మెషీన్ మాన్యువల్లో కనీస పీడనం 0.05 మెగాపాస్కల్ అని ఉంటే, దానికి 5.1 మీటర్ల నీరు కావాలని అర్థం. మన నాలుగో అంతస్తులో నేలకు ఒక మీటరు పైన మెషీన్ కనెక్షన్ ఉందనుకోండి. అది 13 మీటర్ల ఎత్తు. ట్యాంకు నిండుగా ఉంటే 5.5 మీటర్లు దొరుకుతాయి, సగానికి దిగితే 4.75. పొద్దున పనిచేసిన మెషీన్ మధ్యాహ్నం నీళ్లు రావడం లేదని ఎర్రర్ చూపిస్తే రిపేరుకు ఇచ్చే ముందు ట్యాంకులో మట్టం చూడండి.

ఒక హెచ్చరిక. ఈ అంకెలన్నీ నీళ్లు కదలకుండా ఉన్నప్పటివి. కుళాయి తిప్పగానే పైపు గోడల రాపిడి వల్ల, ఎల్బోల వల్ల, సగం మూసుకుపోయిన వాల్వుల వల్ల కొంత పీడనం పోతుంది. సన్నని పైపులో ఎక్కువ పోతుంది. కాబట్టి కుళాయి కట్టేసి గేజ్ చూస్తే మన లెక్క రావాలి. తెరిచినప్పుడు బాగా పడిపోతే తప్పు పైపుల్లో ఉంది, ట్యాంకు ఎత్తులో లేదు. ఇంట్లో నీళ్లు సరిగా రాని కారణం కనుక్కోవడానికి ఇంతకంటే చవకైన పరీక్ష లేదు.

నాలుగో మెట్టు: ఏ నీరో చూసుకోండి

మంచినీటికి 1000 వేయడం సరిపోతుంది. కచ్చితంగా చెప్పాలంటే ఆ విలువ 4 డిగ్రీల సెల్సియస్ దగ్గరిది. 30 డిగ్రీల్లో 996కు దగ్గరగా ఉంటుంది. తేడా అర శాతం కూడా లేదు, వదిలేయొచ్చు.

సముద్రపు నీటికి 1025 వేయండి. వానాకాలంలో గంగా, బ్రహ్మపుత్ర, గోదావరి, కృష్ణ నీళ్లు కలిసే బంగాళాఖాతం పైపొరలో ఉప్పు తగ్గుతుంది కాబట్టి అక్కడ సాంద్రత ఇంకొంచెం తక్కువగా ఉంటుంది.

మరీ లోతుకు పోతే ఇంకో సవరణ కావాలి. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ ముగ్గురు మనుషులను 6000 మీటర్ల లోతుకు తీసుకెళ్లడానికి 'మత్స్య 6000' అనే జలాంతర వాహనాన్ని తయారు చేస్తోంది. మనుషులు కూర్చునే భాగం 2.1 మీటర్ల వ్యాసం ఉన్న టైటానియం గోళం. ఆ లోతుకు మన సూత్రం వేద్దాం: 1025 × 9.81 × 6000 = దాదాపు 6 కోట్ల 3 లక్షల పాస్కల్స్, అంటే 603 బార్లు. చదరపు సెంటీమీటరుకు 615 కేజీలు. నిజంగా ఉండేది దీనికంటే ఒకటి రెండు శాతం ఎక్కువే. ఎందుకంటే అంత బరువు కింద నీళ్లు కూడా కొద్దిగా నొక్కుకుంటాయి, సాంద్రత పెరుగుతుంది. కొన్ని వందల మీటర్ల వరకు ఈ సవరణ అవసరం లేదు.

ఇదే సూత్రం నీటికే కాదు, పోసిన వెంటనే ద్రవంలా ఉండే పచ్చి కాంక్రీటుకూ పనికొస్తుంది. దాని సాంద్రత 2400. మూడు మీటర్ల గోడకు ఒకేసారి గబగబా పోస్తే అడుగున చదరపు మీటరుకు 7.2 టన్నుల దాకా నెట్టగలదు, అదే ఎత్తు నీళ్లయితే 3 టన్నులే. సెంట్రింగ్ చెక్కలు కింది భాగంలోనే ఎందుకు పగులుతాయో మేస్త్రీలకు అనుభవంతో తెలుసు. లెక్క కూడా అదే చెబుతోంది.

ఐదో మెట్టు: గాలి పీడనం కలపాలా, వద్దా?

నీటి పై మట్టం మీద గాలి కూడా నొక్కుతూ ఉంటుంది. సముద్రమట్టం దగ్గర అది 101.3 కిలోపాస్కల్స్, అంటే 10.33 మీటర్ల నీటికి సమానం. నీటి పీడనానికి దీన్ని కూడా కలిపితే వచ్చేది పరమ పీడనం. కలపకుండా చెప్పేది గేజ్ పీడనం. పైన మనం చేసినవన్నీ గేజ్ లెక్కలే.

ఏది ఎప్పుడు వాడాలన్న దానికి నేను పాటించే నియమం ఇది. గోడకో, గేటుకో, పైపుకో రెండో పక్కన కూడా గాలే ఉంటే, రెండు వైపులా గాలి నెట్టుడు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. గేజ్ పీడనం చాలు. గాలి లేదా ఆవిరి నొక్కుకోవడం, వ్యాకోచించడం, నీళ్లు పైకి పీల్చడం లాంటివి ఉంటే పరమ పీడనం తప్పనిసరి.

పీల్చడం అన్నాను కాబట్టి బావి మోటారు సంగతి చూద్దాం. గట్టు మీద పెట్టిన సెంట్రిఫ్యూగల్ మోటారు నిజానికి నీళ్లను లాగదు. నీళ్లు ఎక్కే సక్షన్ పైపులో పీడనాన్ని తగ్గిస్తుంది, అంతే. బావిలో నీటి మీద నొక్కుతున్న బయటి గాలే నీళ్లను పైపులోకి ఎక్కిస్తుంది. పైపులో పూర్తి శూన్యం చేసినా 10.33 మీటర్లకు మించి నీళ్లు ఎక్కవు. ఎన్ని హార్స్‌పవర్ల మోటారు పెట్టినా ఈ హద్దు మారదు. దీన్ని ఇంకా తగ్గించేవి ఉన్నాయి. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ గాలి పీడనం 95 కిలోపాస్కల్స్ దగ్గర, అంటే 9.7 మీటర్ల నీరే. 30 డిగ్రీల వేడిలో నీటి ఆవిరి పీడనం ఇంకో 0.4 మీటరు తింటుంది. సక్షన్ పైపు కింది కొనలో ఉండే ఫుట్ వాల్వు, పైపు రాపిడి, పంపు తనకోసం మిగుల్చుకోవలసినది కూడా పోతే చేతికి దక్కేది ఏడు మీటర్లకు అటూ ఇటూ. అందుకే తెలంగాణ, రాయలసీమ దిగుడు బావుల్లో నీళ్లు దిగిపోయిన కొద్దీ రైతులు లోపల గట్టు చెక్కి మోటారును కిందికి దించుకుంటూ పోయేవాళ్లు. నీళ్లలోనే మునిగి ఉండే సబ్‌మెర్సిబుల్ మోటారుకు ఈ హద్దు లేదు. అది కింది నుంచి నెడుతుంది, నెట్టడానికి గాలి సాయం అక్కర్లేదు.

సముద్రంలో డైవింగ్ చేసేవాళ్లకు కూడా పరమ పీడనమే కావాలి. 10 మీటర్ల లోతులో నీటిది 100.6, గాలిది 101.3, మొత్తం 202 కిలోపాస్కల్స్. పైన ఉన్నదానికి రెండు రెట్లు. 20 మీటర్లలో మూడు రెట్లు, 30లో నాలుగు. గాలి ఘనపరిమాణం అదే వరుసలో సగం, మూడో వంతు, నాలుగో వంతు అవుతుంది. పైకి వచ్చేటప్పుడు ఇది తిరగబడుతుంది. 10 మీటర్ల దగ్గర సిలిండర్ గాలి నిండా పీల్చి, ఊపిరి బిగబట్టి పైకి వస్తే ఊపిరితిత్తుల్లోని గాలి రెట్టింపు చోటు కోరుతుంది. ప్రాణం మీదికి వస్తుంది. ఊపిరి ఎప్పుడూ ఆపొద్దని డైవింగ్ నేర్పేవాళ్లు మొదటిరోజే చెప్పేది ఇందుకే. 30 నుంచి 20కి వచ్చేటప్పటి కంటే ఆఖరి 10 మీటర్లలోనే మార్పు ఎక్కువ.

ఆరో మెట్టు: పీడనం నుంచి బలానికి – డ్యామ్ గేటు లెక్క

పీడనం అంటే ఒక చదరపు సెంటీమీటరు మీదో, ఒక చదరపు మీటరు మీదో పడేది. గోడ మొత్తం మీద ఎంత నెట్టుడు ఉందో తెలియాలంటే దాన్ని వైశాల్యంతో గుణించాలి. చిక్కేమిటంటే నిలువు గోడ మీద పీడనం అంతటా ఒకేలా ఉండదు. పైన సున్నా, కిందికి పోయేకొద్దీ పెరుగుతుంది. నీటి మట్టం దాకా ఉన్న దీర్ఘచతురస్రపు గోడకైతే సులువు: సగటు పీడనం అడుగున ఉన్నదానిలో సగం.

2024 ఆగస్టు 10 రాత్రి హొసపేట దగ్గర తుంగభద్ర డ్యామ్ 19వ గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకుపోయింది. కర్నూలు, అనంతపురం జిల్లాల రైతులు ఆ వారమంతా టెన్షన్ పడ్డారు. ఆ డ్యామ్‌కు 33 గేట్లు, ఒక్కోటి 60 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తు. పూర్తి నీటిమట్టం 1633 అడుగులు, గేటు అడుగు 1613 అడుగుల దగ్గర. రిజర్వాయర్ నిండుగా ఉన్నప్పుడు ఒక్క గేటు మీద ఎంత నెట్టుడు ఉంటుందో కట్టి చూద్దాం.

ఎత్తు 20 అడుగులు = 6.096 మీటర్లు. వెడల్పు 60 అడుగులు = 18.29 మీటర్లు. వైశాల్యం 111.5 చదరపు మీటర్లు.

గేటు అడుగున పీడనం: 6.096 మీటర్ల నీరు, అంటే చదరపు మీటరుకు 6.1 టన్నులు.

సగటు: 3.05 టన్నులు.

మొత్తం బలం: 3.05 × 111.5 = సుమారు 340 టన్నులు.

వెనక వంద టీఎంసీలు ఉన్నాయి కదా, అదంతా గేటు మీద పడదా అని అడుగుతారు. పడదు. గేటు వెనక కిలోమీటర్ల కొద్దీ నీళ్లున్నా, పది అడుగుల దూరం వరకే నీళ్లున్నా, లోతు 20 అడుగులే అయితే నెట్టుడు అదే 340 టన్నులు. ఇంకో మాట: ఈ బలం అడ్డంగా పనిచేస్తుంది, గేటు అంచుల గుండా పియర్ల (గేట్ల మధ్య ఉండే స్తంభాల) గాడుల్లోకి పోతుంది. గొలుసు మోసేది గేటు బరువును, గేటు ఎత్తేటప్పుడు గాడిలో పుట్టే రాపిడిని. నీళ్లు నిండుగా ఉంటే ఆ రాపిడి కూడా ఎక్కువ.

ఆ తర్వాత గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు ఆధ్వర్యంలో ఇంజినీర్లు, కార్మికులు పారుతున్న నీటిలోనే స్టాప్‌లాగ్ పలకలు (గేటు స్థానంలో ఒకదాని మీద ఒకటి పెట్టే అడ్డు పలకలు) దించి వారం రోజుల్లో ఆ ఖాళీ మూశారు. ఆ పని ఎంత కష్టమో ఈ లెక్కను ఇంకో మెట్టు ముందుకు తీసుకెళ్తే అర్థమవుతుంది. 20 అడుగుల ఎత్తును నాలుగేసి అడుగుల ఐదు పట్టీలుగా విడదీయండి. నిలకడ నీటిలో పై నుంచి కిందికి వాటి మీద పడే బలాలు 1, 3, 5, 7, 9 నిష్పత్తిలో ఉంటాయి. మొత్తం 25 వాటాలు. 340 టన్నులను పంచితే పైదానికి 13.6, తర్వాత వరుసగా 40.8, 68, 95.2, అన్నిటికంటే కిందిదానికి 122 టన్నులు. కింది పట్టీ ఒక్కటే మూడో వంతుకు పైగా మోస్తోంది. మొత్తం బలం ఒకేచోట పడుతున్నట్టు తీసుకుంటే ఆ చోటు అడుగు నుంచి మూడో వంతు ఎత్తులో, అంటే 6 అడుగుల 8 అంగుళాల దగ్గర ఉంటుంది. ట్యాంకు గోడకు, చెక్‌డ్యామ్‌కు కూడా ఇదే వర్తిస్తుంది. బలమంతా కిందే కావాలి.

ఇప్పుడు శ్రీశైలం చూడండి. అక్కడి గేట్లు కూడా 60 అడుగుల వెడల్పే, ఎత్తు మాత్రం 55 అడుగులు (పూర్తి మట్టం 885, క్రెస్ట్, అంటే గేటు అడుగు, 830). ఎత్తు 2.75 రెట్లు. బలం మాత్రం 2.75 వర్గం, అంటే ఏడున్నర రెట్లు. 340ను 7.56తో గుణిస్తే 2570 టన్నులు, అదీ ఒక్క గేటు మీద అడ్డంగా పడే నెట్టుడు. లోతు పెరిగితే పీడనమూ పెరుగుతుంది, నీళ్లు తగిలే వైశాల్యమూ పెరుగుతుంది. అందుకే బలం వర్గంలో పెరుగుతుంది.

ఏడో మెట్టు: రెండు పక్కలా నీళ్లుంటే తేడా తీసుకోండి – బోరు లెక్క

బోరు దగ్గరే రైతులు ఎక్కువ డబ్బు పోగొట్టుకునేది. "మోటారు 600 అడుగుల్లో దించాం, 600 అడుగుల హెడ్ మోటారు కావాలి" అని చాలామంది అనుకుంటారు. హెడ్ అంటే మోటారు నీళ్లను ఎంత ఎత్తుకు నెట్టగలదో ఆ ఎత్తు. కింది ఉదాహరణ చూడండి.

మోటారు 600 అడుగుల్లో ఉంది. ఆగి ఉన్నప్పుడు నీళ్లు 250 అడుగుల దగ్గర ఉంటాయి. మోటారు నడిచేటప్పుడు 400 అడుగులకు దిగి నిలబడతాయి. నీళ్లు పోసేది నేల మీద 30 అడుగుల ఎత్తున్న ట్యాంకులోకి.

మోటారు దగ్గర పైపు లోపల నీటి నిలువు ఎత్తు 600 + 30 = 630 అడుగులు, 192 మీటర్లు. లోపలి పీడనం 19.2 కేజీలు. బయట బోరులో మోటారు పైన 200 అడుగుల నీళ్లున్నాయి, 61 మీటర్లు. అవి 6.1 కేజీలతో మోటారుకు సాయం చేస్తున్నాయి. మోటారు పుట్టించాల్సిన తేడా 13.1 కేజీలు, అంటే 131 మీటర్లు, 430 అడుగులు. ఇది నడిచేటప్పటి నీటి మట్టం నుంచి ట్యాంకు దాకా ఉన్న ఎత్తుకు సరిగ్గా సమానం. మోటారును 600లో పెట్టినా, 500లో పెట్టినా హెడ్ మారదు. దీనికి పైపు రాపిడి హెడ్ కలిపి మోటారు స్టేజీలు (లోపల ఒకదాని మీద ఒకటి ఉండే పంపు చక్రాలు) ఎంచుకోవాలి.

పైపు సంగతీ ఇలాగే. పైపు గోడ ఓర్చుకోవాల్సింది లోపలి, బయటి పీడనాల తేడానే. నేల దగ్గర పైపులో తేడా 0.9 కేజీ. కిందికి పోయేకొద్దీ పెరిగి 400 అడుగుల దగ్గర 13.1 కేజీలకు చేరుతుంది. ఆ కింద ఇక పెరగదు, ఎందుకంటే లోపలా బయటా ఒకే వేగంతో పెరుగుతుంటాయి. కాబట్టి ఈ బోరుకు 10 కేజీల పైపు సరిపోదు, 16 కేజీలది కావాలి. ఎండాకాలంలో నీళ్లు 580 అడుగులకు దిగితే? అప్పుడు తేడా 610 అడుగులు, 186 మీటర్లు, 18.6 కేజీలు. 16 కేజీల పైపు కూడా చాలదు. ఎప్పుడూ బోరు అతి తక్కువ నీటి మట్టానికే లెక్క వేయండి. పైన గేట్ వాల్వు మూసి మోటారు ఆన్ చేస్తే మోటారు తన గరిష్ఠ హెడ్ మొత్తాన్ని పైపు మీద పెడుతుంది. ఆ అంకె మోటారు చార్టులో ఉంటుంది, దాన్నీ చూసుకోండి. పైపు తన బరువును, మోటారు బరువును మోయగలదా అన్నది వేరే లెక్క, దాన్ని దీనితో కలపొద్దు.

మోటారు దగ్గరి కేబుల్ జాయింటుకు మాత్రం ప్రమాదం మోటారు ఆగి ఉన్నప్పుడే ఎక్కువ. అప్పుడు దానిపైన 350 అడుగుల నీళ్లుంటాయి, 10.7 కేజీల పీడనం. టేపు చుట్టడంలో సందు మిగిలితే నీళ్లు దాంట్లోంచే దూరతాయి.

ఎనిమిదో మెట్టు: లెక్క తిప్పి వేసి నీటి మట్టం కనుక్కోండి

ఏడో మెట్టులో అన్నీ నీటి మట్టం మీదే ఆధారపడ్డాయి. బోరులో అది కంటికి కనపడదు. పీడనం తెలిస్తే లోతు తెలుస్తుంది కాబట్టి సూత్రాన్ని వెనక్కి నడిపించొచ్చు.

సన్నని ప్లాస్టిక్ గొట్టం ఒకటి, మోటారు నుంచి నీళ్లు పైకి తెచ్చే కాలమ్ పైపుతో పాటే కట్టి దించండి. కింది కొన మోటారుకు కొంచెం పైన ఉండాలి, గొట్టం ఎన్ని అడుగులు దిగిందో కచ్చితంగా కొలిచి రాసుకోవాలి. మన బోరులో 580 అడుగులు అనుకుందాం. పై కొనకు టీ (మూడు దారుల జాయింటు) బిగించి, ఒక పక్క పీఎస్ఐ గేజ్, రెండో పక్క గాలి నింపే వాల్వు పెట్టండి. చిన్న కంప్రెసర్‌తో గాలి ఎక్కించండి. గొట్టంలో ఉన్న నీళ్లు కిందికి వెళ్లిపోయే దాకా గేజ్ ముల్లు పెరుగుతూ ఉంటుంది. నీళ్లన్నీ పోయి గాలి కింది కొన నుంచి బుడగలుగా బయటికి రావడం మొదలయ్యాక, ఎంత ఎక్కించినా ముల్లు పెరగదు. గాలి ఆపి, ముల్లు నిలబడిన చోట చదవండి.

రీడింగ్ 78 పీఎస్ఐ వచ్చిందనుకుందాం. 78 × 2.31 = 180 అడుగులు. గొట్టం కొన మీద అంత నీరు ఉందన్నమాట. 580 లోంచి 180 తీసేస్తే నీటి మట్టం 400 అడుగులు. బోరు పైన గాలికి తెరిచే ఉంటుంది కాబట్టి గేజ్ రీడింగ్‌నే వాడాలి, గాలి పీడనం కలపకూడదు. ఆగి ఉన్నప్పుడు 250 అడుగుల మట్టానికి 143 పీఎస్ఐ కావాలి, అందుకే సైకిల్ పంపు సరిపోదు, గేజ్ కూడా 200 పీఎస్ఐది తీసుకోండి. గాలి ఆపాక ముల్లు మెల్లగా దిగిపోతుంటే ఎక్కడో లీకు ఉంది, జాయింట్లు సబ్బు నీళ్లతో చూసి మళ్లీ మొదలుపెట్టండి.

మోటారు వేయకముందు ఒకసారి, ఆగకుండా నడిచి మట్టం నిలబడ్డాక ఒకసారి రీడింగ్ తీసి తేదీతో రాయండి. ఏప్రిల్, మే నెలల్లో మళ్లీ తీయండి. కొత్త మోటారు కొనేటప్పుడు షాపులో చెప్పాల్సిన హెడ్ ఆ ఎండాకాలపు అంకె నుంచే వస్తుంది.